మతం వదిలాను, ప్రార్థన వదల్లేదు

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది. పేరు, ఊరు రాయొద్దన్నారు కాబట్టి అవి తీసేసి, విషయం అర్థమయ్యేంత వరకు కుదించి ఇస్తున్నాను.

రాసినావిడకి 34 ఏళ్ళు. యెహోవాసాక్షులనే క్రైస్తవ మతశాఖకి చెందిన కుటుంబంలో పుట్టారు. 15వ ఏట బాప్తిస్మం తీసుకున్నారు. చదువయ్యాక కొన్నేళ్ళు పయినీరుగా (మతప్రచారానికే ఎక్కువ సమయం ఇచ్చే వ్యక్తిగా) ఇంటింటికీ తిరిగి ప్రకటించారు. పుట్టినరోజులు చేసుకోలేదు, ఓటు వేయలేదు, స్కూల్లో జాతీయగీతం పాడలేదు. మూడేళ్ళ క్రితం మీటింగులకి వెళ్ళడం మెల్లగా తగ్గించి, చివరికి మానేశారు. ఎవరితోనూ గొడవ పడలేదు, విడిచిపెడుతున్నానని ఉత్తరమూ ఇవ్వలేదు. అమ్మా, 18 ఏళ్ళ తమ్ముడూ ఇంకా ‘సత్యంలోనే’, అంటే ఆ మతంలోనే, ఉన్నారు. అమ్మ రోజూ ఫోన్ చేస్తుంది, ప్రతిసారీ “ఈ వారమైనా మీటింగ్‌కి వస్తావా?” అని అడుగుతుంది.

బయటికొచ్చిన కొత్తలో ఒంటరితనంతో నలిగిపోతున్నప్పుడు, ఇలాగే వదిలి వచ్చిన మరో ఏడుగురు పరిచయమయ్యారు. నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలుస్తారు. అందులో ఒకాయన ఒకప్పుడు సంఘపెద్ద. ఆవిడ ఆయన్ని బాబాయ్ అని పిలుస్తారు. అర్ధరాత్రి ఉరిమినా హార్‌మెగిద్దోను (దేవుడు ఈ లోకాన్ని నాశనం చేసే యుద్ధం) వచ్చేసిందేమో అని వణికిపోయిన రోజుల్లో, ఎన్ని గంటలకు ఫోన్ చేసినా ఎత్తి మాట్లాడింది ఆయనే. ఇంకొకావిడని అక్కా అంటారు. ఆ అక్కకి దేవుడంటేనే నమ్మకం లేదు.

ఏడాదిగా ఈ కలయికలు వాదనలుగా మారాయి. దేవుడున్నాడా, బైబిల్లో ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి, భార్య భర్తకి లోబడాలా, జాతీయగీతం పాడాలా వద్దా. అక్క ఒకరోజు అందరి ముందూ, “ఇంకా ప్రార్థన చేస్తున్నావంటే నువ్వసలు బయటికి రానట్టే. నిజంగా వచ్చుంటే రాజీనామా ఉత్తరం రాసి చూపించు” అంది. మరో నెల, గుంపులో అందరికంటే చిన్నవాడైన ఒక కుర్రాడు తనకి మగవాళ్ళ మీదే ఇష్టం కలుగుతుందని ధైర్యం చేసి చెప్పాడు. బాబాయ్, “సంస్థ తప్పు కావచ్చు, ఈ విషయంలో మాత్రం లేఖనం తప్పు కాదు” అన్నారు. ఆ కుర్రాడు మళ్ళీ రాలేదు. ఈవిడ ఆ రోజు ఏమీ మాట్లాడలేకపోయారు.

ఇప్పుడు తమ్ముడు రాబోయే సమావేశంలో బాప్తిస్మం తీసుకోబోతున్నాడు. అమ్మకి చెప్పకుండా ఈవిడకి ఫోన్ చేసి, “నువ్వెందుకు మానేశావ్? మీ ఫ్రెండ్స్‌ని ఒకసారి కలవనా?” అని అడిగాడు. ఈవిడ ప్రశ్నలు నాలుగు: ప్రార్థన చేసుకోవడం నా బలహీనతా? ఆ ఉత్తరం రాసేయాలా? తమ్ముణ్ణి వీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలా? అసలు ఈ గుంపులో ఉండాలా, మానేయాలా? చివర్లో ఒక మాట రాశారు: “ఒక చోట నమ్మకం చాలదన్నారు, ఇంకో చోట నమ్మకం ఎక్కువైందంటున్నారు. నా పర్సులో రక్తం వద్దనే కార్డు కూడా ఇంకా అలాగే ఉంది, తీసి పారేయలేకపోతున్నాను.”

అమ్మా, మీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. మీ చిక్కు ఎక్కడుందో నాకు తోచింది ముందు చెబుతాను. నేనేం నమ్ముతున్నాను, నేనే సంఘానికి చెందుతాను, నా వాళ్ళెవరు అనే ఈ మూడూ మీరు పెరిగిన చోట ఒక్కటే. నమ్మకం కదిలితే సభ్యత్వం పోతుంది, సభ్యత్వం పోతే మనుషులు పోతారు. అలాంటి చోట పాతికేళ్ళకు పైగా బతికిన మనిషికి ఈ మూడింటినీ విడివిడిగా చూడటం అలవాటు ఉండదు. మీకే కాదు, మీ అక్కకీ బాబాయ్‌కీ కూడా ఆ అలవాటు లేదు. అందుకే ప్రార్థన గురించిన మాట రెండు నిమిషాల్లో రాజీనామా ఉత్తరం మీదికి పోయింది. నిజానికి ఆ రెంటికీ సంబంధం లేదు. దేవుణ్ణి నమ్ముతూనే ఉత్తరం రాసినవాళ్ళున్నారు, ఏమీ నమ్మకపోయినా అమ్మ కోసం జీవితాంతం రాయనివాళ్ళూ ఉన్నారు. ఈ మూడింటికీ మీరు మూడు వేరువేరు సమయాల్లో మూడు వేరువేరు జవాబులు ఇచ్చుకోవచ్చు. ఒకదానికి ఎప్పటికీ జవాబు ఇవ్వకపోయినా ఫరవాలేదు.

వీటికంటే ముందు ఆ కార్డు సంగతి. మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నాకు మాత్రం మిగతా అన్నిటికంటే ఇదే తొందరగా అనిపించింది. అది ఏ పరిస్థితిలోనూ రక్తం ఎక్కించొద్దని మీరు సంతకం పెట్టిన కాగితం. రేపు ఏ ప్రమాదమో జరిగి మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే, డాక్టర్లు మీ పర్సులో చూసేది దాన్నే, మీ గురించి అడిగేది మీ అమ్మగారినే. ఆ కార్డూ, అమ్మగారూ ఒకే మాట చెబుతారు. కాబట్టి దేవుడి గురించి తేల్చుకోకముందే ఇది తేల్చుకోండి. రక్తం ఎక్కించుకోవడానికి మీకిప్పుడు అభ్యంతరం లేకపోతే ఆ కార్డు తీసేసి, మీ ఇష్టం ఏమిటో తేదీ వేసి రాసి సంతకం పెట్టి, మీరు నమ్మే ఒకరి దగ్గర ఒక కాపీ ఉంచండి. అత్యవసరంలో ఫోన్ చేయాల్సిన మనిషిగా కూడా వాళ్ళ నంబరే పెట్టుకోండి. ఇంకా అభ్యంతరం ఉందంటే అదీ మీ హక్కే. అయితే అది పదేళ్ళ క్రితం పెట్టిన సంతకం కాకుండా ఇవాళ మీరు ఆలోచించి తీసుకున్న నిర్ణయం అయ్యుండాలి. తీసి పారేయడానికి చెయ్యి రాకపోవడం చూసి మీరు సిగ్గుపడుతున్నట్టున్నారు. చిన్నప్పటి నుంచి నేర్పిన భయం ఆలోచన మారినంత తొందరగా పోదు. మనసు ఒప్పుకున్నాక కూడా ఒళ్ళు ఒప్పుకోవడానికి టైం పడుతుంది. ఇందులో కపటం ఏమీ లేదు.

మీ అక్క కోపాన్ని కూడా మీరు కాస్త లోపలికి వెళ్ళి చూడాలని నా కోరిక. అవయవ మార్పిడిని సంస్థ 1967లో తప్పన్నది, 1980లో అది ఎవరి మనస్సాక్షికి వాళ్ళు తేల్చుకోవాల్సిన విషయమన్నది. ఆ మధ్య 13 ఏళ్ళలో కిడ్నీయో కంటిపొరో వద్దనుకున్న విశ్వాసి కుటుంబానికి ఆ మార్పు ఎలా ఉండి ఉంటుంది? 1975లో ఈ లోకం అంతమవుతుందని అంత ఆశ పెట్టుకుని చదువులూ ఉద్యోగాలూ పక్కన పెట్టినవాళ్ళు 1976లో ఎలా లేచి పనికి వెళ్ళి ఉంటారు? ఇలాంటివి తెలిసిన మనిషికి దేవుడి పేరు వినబడగానే ఒళ్ళు మండటంలో వింత లేదు. ఆవిడ దృష్టిలో దేవుడూ సంస్థా ఒక్కటే, ఎందుకంటే ఆవిడకి దేవుణ్ణి పరిచయం చేసింది ఆ సంస్థే. రెండూ కలిపి వదిలితేనే ఆవిడకి ఊపిరాడింది. ఆ దారి ఆవిడకి సరైనదే. దాన్ని మీక్కూడా తప్పనిసరి చేయడం దగ్గరే నాకు అభ్యంతరం.

రేమండ్ ఫ్రాంజ్ పేరు మీరు వినే ఉంటారు, లోపల ఉన్నప్పుడు వినకూడని పేరుగా అయినా. 1971 నుంచి 1980 దాకా సంస్థని నడిపే పరిపాలక సభలోనే సభ్యుడు. అప్పటి అధ్యక్షుడికి స్వయానా సోదరుడి కొడుకు. 1981లో ఆయన్ని బహిష్కరించారు. సంస్థకి రాజీనామా ఇచ్చిన ఒకతనితో కలిసి భోజనం చేశాడన్నది కారణం. ఆ ఒకతను ఎవరంటే, ఫ్రాంజ్‌కి పనీ ఉండటానికి చోటూ ఇచ్చిన మనిషి. బయటికొచ్చినవాళ్ళలో ఆయనంత లోపలి నుంచి వచ్చినవాళ్ళు అరుదు, ఆయనంత వివరంగా సంస్థని ప్రశ్నించినవాళ్ళూ అరుదు. అలాంటి ఆయన 2010లో చనిపోయేదాకా క్రైస్తవ విశ్వాసిగానే ఉన్నారు. ప్రార్థన చేస్తే బయటికి రానట్టే అనే లెక్కలో ఫ్రాంజ్ కూడా బయటికి రానట్టే కదా!

ఇది చెప్పి మిమ్మల్ని నమ్మకం వైపు తొయ్యాలని కాదు. మీ ప్రార్థన గురించి మీకు మీరే ఒక పని చేసుకోవచ్చు: ప్రార్థన చేశాక మనసెలా ఉంటుందో గమనించండి. చేయకపోతే ఏదో కీడు జరుగుతుందన్న టెన్షన్‌తో చేస్తున్నారా? నాశనమయ్యేవాళ్ళ లిస్టులో పేరు పడకుండా చూసుకోవడానికా? అలాగైతే అది పాత భయమే, మెల్లగా దానితో తేల్చుకోవాల్సి ఉంటుంది. భయాన్ని దేవుడని పిలుస్తూ బతకడం కష్టం. లేక, మీరే ఉత్తరంలో ఒకచోట రాసినట్టు, “రోజులో జరిగిందంతా ఎవరికో చెప్పుకున్నట్టు” ఉంటుందా? అలాగైతే వినేవాళ్ళున్నారో లేదో తేల్చేదాకా మాట్లాడటం ఆపక్కర్లేదు. కొన్నేళ్ళు ఇలాగే గడవొచ్చు. ఒకరోజు దానంతటదే ఆగిపోవచ్చు, ఆగకపోనూవచ్చు. ‘నాకు తెలియదు’ అనే జవాబుతో రాజ్యమందిరంలో, అంటే మీ పాత మీటింగ్ హాల్లో, కూర్చోవడం కుదిరేది కాదు. ఇప్పుడు కుదురుతుంది. ఆ వెసులుబాటు మీరు చాలా మూల్యం చెల్లించి తెచ్చుకున్నది.

జాతీయగీతం గొడవ గురించి కూడా రాశారు. ఏదో ఫంక్షన్‌లో అందరూ పాడుతుంటే మీ గుంపులో ఒకతను లేచి నిలబడ్డాడు కానీ పెదవి కదపలేదు, దాని మీద గంటసేపు వాదన జరిగింది అన్నారు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని ఇందుకే స్కూలు నుంచి తీసేశారు. వాళ్ళూ యెహోవాసాక్షులే. గీతం పాడేటప్పుడు గౌరవంగా నిలబడేవాళ్ళు, పాడేవాళ్ళు కాదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్ళని తిరిగి చేర్చుకోమని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. పాడమని నిర్బంధించే చట్టం ఏదీ లేదనీ, నిలబడి గౌరవం చూపినవాళ్ళు అవమానించినట్టు కాదనీ అందులో రాశారు. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని పాటిస్తుంది, దాన్ని పల్చన చేయొద్దు అన్నారు. ఆయన ఆ పిల్లల నమ్మకాన్ని సమర్థించలేదు, వాళ్ళకి నమ్మే చోటు ఇచ్చారు. మీలో ఒకరికి మొదటిసారి గొంతెత్తి పాడటం విడుదలలా అనిపించొచ్చు. ఇంకొకరికి నోరు పెగలకపోవచ్చు. ఒకప్పుడు పాడొద్దని చెప్పిన గొంతు, ఇప్పుడు పాడి తీరాలని చెప్పే గొంతు, ఈ రెంటి మధ్యా తేడా వినేవాడికి పెద్దగా తెలియదు.

ఇక ఆ కుర్రాడు. ఇక్కడ మాత్రం నేను అంత మెత్తగా మాట్లాడలేను.

దేవుడున్నాడా లేడా అనే వాదనలో కూర్చున్న ప్రతి ఒక్కరూ సమానమే. ఎవరు ఓడినా ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటారు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి పుట్టుకే పాపమా కాదా అని చర్చ పెడితే అది సమానమైన చర్చ కాదు. అందులో ఒక్కడికే తగులుతుంది. పైగా అతను అప్పటికే ఒకసారి ఆ మాట విని, దాన్నుంచి పారిపోయి, ఇక్కడైతే వినబడదనుకుని వచ్చినవాడు. బాబాయ్‌గారు మంచివారే, మీ విషయంలో ఆయన చేసింది చిన్న ఉపకారం కాదు. అయినా ఆ రోజు ఆయన మాట ఆ పిల్లాడికి గుచ్చుకుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. ఒకటి చూసి రెండోది లేదనుకోనక్కర్లేదు.

ఆ రోజు మాట్లాడలేకపోయాననే బాధ మీ ఉత్తరంలో వాక్యం వాక్యానికీ కనబడుతోంది. ఇప్పుడు మాట్లాడొచ్చు, ఆలస్యం కాలేదు. అతనికి ఫోన్ చేయండి. తీర్పులూ వివరణలూ వద్దు. “ఆ రోజు నేను నోరు తెరవాల్సింది, తెరవలేదు. నువ్వు చెప్పింది నాకు ఏ ఇబ్బందీ కలిగించలేదు. ఎలా ఉన్నావ్?” అంటే చాలు. అతను ఎత్తకపోవచ్చు, ఎత్తి కోప్పడొచ్చు. ఓ మెసేజ్ అయినా పెట్టి ఉంచండి. కుటుంబం, సంఘం రెండూ దూరమైన వయసులో, చివరిగా దొరికిన గుంపు కూడా పోయిందనుకునే మనిషిని అలా వదిలేయకూడదు. అతని మాటల్లో బతకాలని లేదన్న ధ్వని ఏమాత్రం వినిపించినా, అతనికి సహాయం చేయగల డాక్టరు దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి.

బాబాయ్‌గారితో విడిగా మాట్లాడాలా అన్నది మీ ఇష్టం. మాట్లాడితే రెండు రకాలుగా జరగొచ్చు. ఆయన నొచ్చుకుని, “నీకోసం అంత చేస్తే నాకే చెబుతావా?” అనొచ్చు, కొన్నాళ్ళు ఫోన్లు తగ్గొచ్చు. లేదా, ఇన్నేళ్ళు పెద్దగా మాట్లాడిన అలవాటు ఇంకా వదల్లేదని ఆయనకే తోచొచ్చు. ఆయన అభిప్రాయం మార్చే పని పెట్టుకోకండి, అది మీ వల్ల అయ్యేది కాదు. ఆ అబ్బాయి ఉన్న గదిలో ఆ మాట అనొద్దని మాత్రం అడగండి. మాట్లాడకపోతే మీ స్నేహం పైకి మామూలుగానే సాగుతుంది కానీ, మీరు ఆయన ముందు కూడా అమ్మ ముందు ఉన్నట్టే జాగ్రత్తగా మాటలు ఏరుకుంటూ ఉండాల్సి వస్తుంది. అలాంటి చోట్లు మీ జీవితంలో ఇప్పటికే ఉన్నాయి.

గుంపులో ఉండాలా వద్దా అన్నదానికి వెంటనే జవాబు ఇవ్వకండి. మీకు బయట స్నేహితులు ఇంకా పెద్దగా లేరని రాశారు. ‘లోకస్థులతో’ (సాక్షులు కానివాళ్ళతో) స్నేహం వద్దని పెరిగిన మనిషికి 31వ ఏట కొత్తగా స్నేహాలు మొదలుపెట్టడం ఎంత కష్టమో నేను ఊహించగలను. ఉన్న నలుగురినీ వదిలేసి ఖాళీలో నిలబడితే, ఆ ఖాళీ మిమ్మల్ని మళ్ళీ ఎక్కడికి లాగుతుందో చెప్పలేం. ఉంటే, ఒక షరతు అడగొచ్చు: ఎవరి నమ్మకాన్నీ, ఎవరి అపనమ్మకాన్నీ పరీక్ష పెట్టకూడదని. ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే గుంపుగా కలవడం తగ్గించి, మీకు నచ్చిన ఇద్దరు ముగ్గురితో విడివిడిగా కలవండి. అక్క ఒంటరిగా ఉన్నప్పుడు అంత కటువుగా మాట్లాడదని మీరే రాశారు కదా. మీ ఎనిమిది మందినీ కలిపింది ఒకే అభిప్రాయం కానే కాదు, ఒకే దెబ్బ. ఆ దెబ్బ గురించి మాట్లాడుకున్నంత కాలం ఒకరికొకరు బాగానే ఉన్నారు. సమాజంలో ఉన్న ప్రతి విషయం మీదా ఒకే మాట మీద ఉండాలనుకున్నప్పటి నుంచి చెడింది.

ఇప్పుడు రాజీనామా ఉత్తరం. మీరు రాయకుండా ఇలాగే ఉంటే, సంఘం లెక్కలో మీరు నిష్క్రియ ప్రచారకురాలు. మీటింగులకి రానంత మాత్రాన ఎవరినీ తీసేయరు. అమ్మ ఫోన్ చేస్తుంది, తమ్ముడు ఇంటికొస్తాడు. దీనికీ ఖర్చుంది: అమ్మ ప్రతి ఫోన్‌లోనూ అదే ప్రశ్న అడుగుతుంది, మీరు అదే జవాబు దాటేస్తారు. సంఘపెద్దలు పలకరించడానికి రావొచ్చు. వాళ్ళతో బోధల మీద వాదనకి దిగితే, లేదా మీరు బయట సంస్థకి వ్యతిరేకంగా మాట్లాడుతున్నారని వాళ్ళకి తెలిస్తే, విషయం మతభ్రష్టత్వం దాకా పోవచ్చు. “ప్రస్తుతం ఈ విషయాలు మాట్లాడే స్థితిలో లేను, మీరు వచ్చినందుకు థాంక్స్” అని మర్యాదగా తలుపు దగ్గరే చెప్పి పంపే హక్కు మీకుంది. ఇంకోటి, మీ గుంపులో ఒకరు రమ్మంటున్న చర్చిలో సభ్యత్వం తీసుకుంటే అది రాజీనామాతో సమానంగానే చూస్తారు. తెలియక చేసి తర్వాత ఆశ్చర్యపోకండి.

ఉత్తరం రాస్తే మీ పేరు మీటింగ్‌లో ప్రకటిస్తారు. 1981 నుంచి, తనంతట తాను తప్పుకున్నవాళ్ళనీ బహిష్కరించినవాళ్ళతో సమానంగానే చూస్తున్నారు. 2024లో కొంత సడలించారు. తీసేసినవాళ్ళు మీటింగ్‌కి వస్తే క్లుప్తంగా పలకరించవచ్చు, మీటింగ్‌కి రమ్మని పిలవొచ్చు అన్నారు. ఆ సడలింపు మతభ్రష్టులుగా ముద్ర పడినవాళ్ళకి వర్తించదు. మామూలు రాకపోకలు, కలిసి భోజనం చేయడం ఇప్పటికీ లేవు. మీరు వేరే ఇంట్లో ఉంటున్నారు కాబట్టి, అమ్మ నియమాన్ని కచ్చితంగా పాటిస్తే తప్పనిసరి కుటుంబ వ్యవహారాలకి తప్ప ఫోన్ చేయరు. పాటించకుండా మీతో మాట్లాడితే ఆ భారం ఆవిడ మీద పడుతుంది. మరోవైపు, ఉత్తరం ఇచ్చాక గుండె తేలికపడిందనీ, రెండు ముఖాలతో బతకడం ఆగిందనీ చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళది అబద్ధం కాదు. కొందరికి ఆ నిజాయితీ లేకుండా నిద్ర పట్టదు. మీరు ఆ కోవకి చెందితే, ఒకరోజు మీరే రాస్తారు. కానీ మీ ఉత్తరంలో ఆ తపన నాకు కనబడలేదు. అక్కకి రుజువు చూపించాలన్న ఒత్తిడి కనబడింది. మీరు రాశారు కదా, అక్కకి లోపల మిగిలిన బంధువులెవరూ లేరని. ఆవిడ అడుగుతున్న రుజువు ఖరీదు ఆవిడ కట్టదు, మీ అమ్మా మీరూ కడతారు. ఇంకొకరికి చూపించడానికైతే రాయొద్దనే నా సలహా.

తమ్ముడి విషయం చివరికి ఉంచాను, ఎందుకంటే దానికి మాత్రమే ఒక తేదీ ఉంది.

అతన్ని ఇప్పుడు మీ గుంపు దగ్గరికి తీసుకెళ్ళకండి. అతను అడిగింది మిమ్మల్ని. “నువ్వెందుకు మానేశావ్?” అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబుగా కొత్తవాళ్ళ మధ్య, దేవుడు లేడనే అక్కకీ లేఖనం తప్పు కాదనే బాబాయ్‌కీ నడుమ కూర్చోబెడితే, అతనికి రెండే దారులు కనబడతాయి: భయపడి వెనక్కి పరిగెత్తడం, లేదా ఒక్కరోజులో అన్నీ తెంచుకోవడం. రెండూ అతను ఆలోచించి వేసిన అడుగులు కావు. పైగా వాళ్ళని కలిశానని ఇంట్లో నోరు జారితే మీ ఇద్దరికీ చిక్కే.

మీరే మాట్లాడండి, ఒక్కరే. ఏమన్నా సరే, అమ్మ ముందు కూడా అనగలిగిన మాటలే అనండి. ఇది మీ రక్షణ కోసం మాత్రమే చెప్పడం లేదు. అతనికి తర్వాత ‘అక్క నన్ను చాటుగా తిప్పింది’ అనే అనుమానం రాకూడదు. మీ కథ క్లుప్తంగా చెప్పండి, మీ నిర్ణయాన్ని అతని నిర్ణయంగా చేయకండి. ఒక్క విషయం మాత్రం దాచకుండా, స్పష్టంగా చెప్పండి. బాప్తిస్మం తీసుకోనివాణ్ణి ఎవరూ బహిష్కరించలేరు. మీటింగులకి వెళ్ళినా, ప్రకటించినా, రేపు మానేసినా అతను అమ్మకి కొడుకుగానే ఉంటాడు. బాప్తిస్మం తీసుకున్నాక మనసు మారితే మాత్రం ఈ నియమాలన్నీ అతనికి వర్తిస్తాయి. ఆ రోజు అడిగే రెండు ప్రశ్నల్లో రెండోది, ఈ బాప్తిస్మం నిన్ను సంస్థతో సహవసించే యెహోవాసాక్షిగా గుర్తిస్తుందని నీకు అర్థమైందా అన్నదే. అంతకు ముందు సంఘపెద్దలు అతనితో కూర్చుని ప్రశ్నలు చర్చిస్తారు కూడా. ఇందులో మీరు కల్పించి చెప్పేదేం లేదు, అన్నీ వాళ్ళే చెప్పే విషయాలు. 15 ఏళ్ళప్పుడు మీకు ఎవరూ ఇలా కూర్చోబెట్టి చెప్పలేదు.

తర్వాత అడగండి, జవాబు చెప్పడానికి టైం ఇవ్వండి. “నీకెందుకు కావాలనిపిస్తోంది?” అని. “అమ్మ సంతోషిస్తుంది” అన్నాడని రాశారు. అమ్మ సంతోషం చిన్న విషయం కాదు, దాన్ని కొట్టిపారేయకండి. “ఇంకో ఏడాది ఆగి తీసుకున్నా అమ్మ అంతే సంతోషిస్తుంది కదా?” అని మాత్రం అడగొచ్చు. వాయిదా వేస్తే ఇంట్లో కొన్నాళ్ళు ముఖాలు ముడుచుకుంటాయి, వయసువాళ్ళంతా తీసుకుంటే తనొక్కడే మిగిలాననిపిస్తుంది. అది భరించదగ్గ బాధ అని నా అభిప్రాయం. అతనికి అలా అనిపించకపోవచ్చు. అతనికి 18 ఏళ్ళు, నిర్ణయం అతనిదే. మీ మాటలు తిరిగి అమ్మకి చేరే అవకాశం ఉందని కూడా ముందే అనుకుని ఉండండి. చేరినా ఫరవాలేని మాటలే మీరు అంటారు కాబట్టి నష్టం తక్కువ.

అన్నీ విని, అయినా నేను నమ్ముతున్నాను, తీసుకుంటాను అంటే, వాదించకండి. సమావేశాలకి ఎవరైనా వెళ్ళొచ్చు. అతను రమ్మంటే, మీకు ఆ హాల్లో కూర్చునే శక్తి ఉంటే వెళ్ళండి, లేకపోతే సాయంత్రం ఫోన్ చేయండి. మీరు ఉత్తరం రాయలేదు కాబట్టి రేపు అతనికి ఏ అనుమానం వచ్చినా, రాకపోయినా, నియమం తప్పకుండానే మీకు ఫోన్ చేయగలడు. రాబోయే రోజుల్లో ఆ ఫోన్ మీకు ఎవరి మెప్పు కన్నా ఎక్కువ అవసరం.